ఫ్లోరైడ్ ఫొటోలు తీసేశారు. కంపెనీ రూలు అనాలా, సెన్సార్‌షిప్ అనాలా?

మర్రిగూడ_బాట
మా మర్రిగూడ మండలంలో ఫ్లోరోసిస్ (నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయే జబ్బు) బాధితుల మీద నాలుగేళ్లుగా ఒక సోషల్ మీడియా యాప్‌లో పేజీ నడుపుతున్నాను. బోరు నీళ్ల రిపోర్టులు, పింఛన్ల సంగతి, ముసలివాళ్ల మాటలు, ఫొటోలు. మొన్న మంగళవారం పొద్దున లేచి చూస్తే పేజీ లేదు. "చూసేవారిని కలవరపెట్టే దృశ్యాలు" అని ఇంగ్లీషులో రెండు లైన్లు వచ్చాయి. అప్పీల్ నొక్కాను. 11 నిమిషాల్లో జవాబు: పరిశీలించాం, నిర్ణయం మారదు.

వాళ్లు తప్పుపట్టిన ఫొటో మా పెద్దమ్మది. వంకరపోయిన కాళ్లు చాపుకొని అరుగు మీద బియ్యం ఏరుతోంది. రక్తం లేదు, గాయం లేదు. విషయం చెబితే "నా కాళ్లు చూసి జడుసుకున్నరా బిడ్డా" అని అడిగింది. ఏం చెప్పాలి?

ఇదే పని కలెక్టర్ చేస్తే ధర్నాకు కూర్చునేవాళ్లం. కంపెనీ చేస్తే "వాళ్ల రూల్స్ వాళ్లవి" అంటున్నాం. ఈ తేడా ఎవరైనా నాకు అర్థమయ్యేటట్టు చెప్పండి.

క్లాక్‌టవర్_చాయ్
11 నిమిషాల్లో పరిశీలించారా? మా ఆఫీసులో ఫైలు ఒక టేబుల్ మీది నుంచి పక్క టేబుల్‌కు పోవడానికి 11 రోజులు. వాళ్లను తీసుకొచ్చి ఇక్కడ పెట్టాలి.

కోర్టు_చౌరస్తా
తేడా ఉంది అన్నా, చిన్నది కూడా కాదు. రాజ్యాంగం 19(1)(ఎ)లోని భావప్రకటన హక్కు ముందుగా సర్కారు చేతులు కట్టడానికి రాసుకున్నది. సర్కారు నీ నోరు మూయించాలంటే 19(2)లో ఉన్న కారణాల్లో ఒకటి చూపించాలి. దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం, కోర్టు ధిక్కారం, అట్లాంటివి. "చూడ్డానికి కలవరంగా ఉంది" అనేది ఆ జాబితాలో లేదు. కంపెనీకి ఆ కట్టు లేదు. "అంగీకరిస్తున్నాను" అని నొక్కాకే నువ్వు లోపలికి పోయావు.

ఇంకో తేడా పోలీసు. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. ఆ గొడవ తర్వాతే శ్రేయా సింఘాల్ కేసు పడింది, 2015 మార్చి 24న ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. కంపెనీ నీ పేజీ తీస్తుంది కానీ ఇంటికి జీపు పంపదు. రెండింటికీ ఒకటే పేరు పెడితే, నిజంగా జీపు వచ్చిన రోజు వాడుకోవడానికి మన దగ్గర మాట ఉండదు.

దేవరకొండ_బస్సు
వకీలు గారు ఫీజు లేకుండా ఇంత మాట్లాడటం నేనైతే మొదటిసారి చూస్తున్నా.

గద్వాల_జరీ
జీపు రాకపోతే దెబ్బ తగలనట్టేనా సార్? మాది చీరల దుకాణం. గద్వాలలో కొట్టు ఉన్నా అమ్మకం సగానికి పైగా ఫోన్‌లోనే. పోయిన దసరాకు 3 వారాల ముందు మా ఖాతా మూసేశారు. మా చీరల ఫొటోలు మావి కావని ఎవరో కంప్లైంట్ పెట్టారట. ఆ ఫొటోలు తీసింది మా తమ్ముడు, మా వాకిట్లోనే తీశాడు. వెనక మా తులసికోట కూడా కనబడుతుంది. ఎవరికి చూపించాలి ఆ తులసికోట?

మున్సిపాలిటీ వాళ్లు కొట్టుకు సీలు వేస్తే తాళం మీద కాగితం అతికిస్తారు. కింద సంతకం ఉంటుంది. ఆ సంతకం పట్టుకుని ఆఫీసుకు పోయి అరిచి రావచ్చు. ఇక్కడ అరవడానికి కిటికీ లేదు. పండగ పోయాక ఖాతా వచ్చింది. మగ్గాల వాళ్లకు ముందే డబ్బులు కట్టేశాం, చీరలు బీరువాలో ఉండిపోయాయి.

పాలమూరు_పోరడు
ఒక యాప్ పోతే ఇంకోటి. ఆ కొట్టు నచ్చకపోతే పక్క కొట్టుకు పోతాం కదా, ఇందులో హక్కులు, రాజ్యాంగం దాకా ఎందుకు?

మర్రిగూడ_బాట
పోరడా, పక్క కొట్టు ఎక్కడుందో చూపించు, పోతా. మా ఊరి సర్పంచి, ఆశా వర్కరు, పేపర్ల విలేకర్లు, దుబాయ్‌లో ఉన్న మా పిల్లలు, అందరూ ఆ ఒక్క యాప్‌లోనే ఉన్నారు. నేను ఖాళీ యాప్‌కు పోయి పెద్దమ్మ ఫొటో పెడితే చూసేది నేనూ మా పెద్దమ్మ. ఆమెకు స్మార్ట్‌ఫోన్ లేదు.

రిటైర్డ్_సోషల్_సార్
మర్రిగూడ పేరు, ఫ్లోరైడ్ పేరు వచ్చాయి కాబట్టి మన జిల్లా ముచ్చట ఒకటి చెబుతాను. ఇక్కడున్న కుర్రవాళ్లకు తెలియకపోవచ్చు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలబడ్డారు. గెలవడానికి కాదు. మా నీళ్లలో విషం ఉందన్న మాట ఢిల్లీకి వినబడాలని జలసాధన సమితి పిలుపు ఇస్తే జనం పోయి నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. నాకు అప్పుడు ఎన్నికల డ్యూటీ. ఓటరు లోపలికి పోయి తన గుర్తు కోసం వెతుక్కుంటుంటే వెనక క్యూలో వాళ్లు "నవల చదువుతున్నవా" అని కేకలు.

అధికారులకు విసుగు రాలేదంటారా? నాకే వచ్చింది. కానీ "ఇది స్పామ్" అని నామినేషన్లను కట్టగట్టి ఎత్తేసే బటన్ రిటర్నింగ్ అధికారి దగ్గర లేదు. పత్రాలు సరిగ్గా ఉంటే తీసుకోవాల్సిందే. మన నల్లగొండను, ఇట్లాగే లెక్కలేనంత మంది పోటీకి దిగిన కర్ణాటకలో బెల్గాంను, తమిళనాడులో మొడకురిచ్చిని చూశాక ఏం చేశారు? అదే ఏడాది చట్టం మార్చి, లోక్‌సభకు జనరల్ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. పేదవాడిని బయటికి నెట్టే మార్పే అది, నేను అప్పుడూ అదే అన్నాను. కానీ పార్లమెంటులో పెట్టి మార్చారు. ఎవరు చేశారో, ఏ తేదీన చేశారో చెప్పి తిట్టగలుగుతున్నాను. మర్రిగూడ అన్నా, నీ పేజీ తీసేసిన రూలు ఏ రోజు రాశారో చెప్పగలవా?

మర్రిగూడ_బాట
రూలు తేదీ సంగతి తర్వాత సార్, ఏ రూలో కూడా చెప్పలేదు.

వాజ్‌పేయి ప్రధానిగా ఉన్నప్పుడు మా మర్రిగూడ దిక్కు నుంచే ఒక బాధితుణ్ని ఢిల్లీ తీసుకుపోయి ఆయన ముందు చూపించారు. ఒక లీటరులో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని చెప్పిన ఫ్లోరైడ్ మనిషి ఎముకను ఏం చేస్తుందో కాగితం మీద రాస్తే ఎవరికీ ఎక్కదు. చూస్తేనే ఎక్కుతుంది. ప్రధానికి చూపించదగిన కాళ్లు యాప్‌లో చూపించకూడనివి అయ్యాయి.

పాలమూరు_పోరడు
సార్ చెప్పింది బాగుంది కానీ సర్కారును మరీ నెత్తిన పెట్టుకోకండి. నాకు టిక్‌టాక్‌లో 40 వేల మంది ఉండేవారు. 2020 జూన్ 29 రాత్రి 59 యాప్‌లు బంద్ అన్నారు. తప్పు చైనాదో ఇంకెవరిదో, పిల్లలమర్రి దగ్గర డ్యాన్స్ చేసినోడిది మాత్రం కాదు కదా. నాకు నోటీసు వచ్చిందా? కాగితం, సంతకం, కిటికీ, ఏమైనా ఉన్నాయా?

క్లాక్‌టవర్_చాయ్
నీ డ్యాన్స్ చూశాను తమ్ముడూ. దేశ భద్రత కారణం సరిగ్గానే ఉంది.

కోర్టు_చౌరస్తా
పోరడి పాయింట్‌కు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటాను. ఆ ఆర్డర్ ఐటీ చట్టం 69ఎ కింద ఇచ్చారు. దాని కోసం 2009లో రాసిన బ్లాకింగ్ రూల్స్‌లో 16వ రూలు ఫిర్యాదులను, ఆర్డర్లను రహస్యంగా ఉంచమంటుంది. అంటే ఎవరు, ఎప్పుడు చేశారో అందరికీ తెలిసేలా చేయాలని సార్ చెప్పిన పద్ధతి ఇంటర్నెట్ దగ్గరికి వచ్చేసరికి సర్కారే సగం వదిలేసింది.

ఇంకో మాట కూడా చెప్పాలి, నా వాదనకే అడ్డం వస్తుంది అది. 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచిలో నలుగురు రాజ్యాంగంలోని 19, 21 అధికరణాల హక్కులను ప్రైవేటు వాళ్ల మీద కూడా అడగవచ్చన్నారు. ఆ తీర్పు పట్టుకుని యాప్‌ల మీద ఎంత దూరం పోవచ్చో ఇంకా తేలాలి. అంతకుముందు 2019లో సుప్రీంకోర్టు సీనియర్ లాయర్ సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేసింది. ఆయన పెట్టుకున్నది 1936 నాటి హాంబర్గ్ ఫొటో. చుట్టూ అందరూ నాజీ సెల్యూట్ చేస్తుంటే ఒక్కడు చేతులు కట్టుకుని నిలబడతాడు. నాజీలను కాదన్న మనిషి ఫొటోను ద్వేషం కింద జమ కట్టారు. ఆయన ఢిల్లీ హైకోర్టుకు పోయాడు. పెద్ద లాయరు కాబట్టి పోగలిగాడు.

మాజీ_క్యూ
ఇన్నాళ్లూ చదివి పోవడమే, ఇవాళ రాయాలనిపించింది. నేను హైదరాబాద్‌లో 2 ఏళ్లు పోస్టులు పరిశీలించి తీసే ఈ పనే చేశాను. ఎవరి కోసమో చెప్పను, బయట చెప్పనని సంతకం పెట్టి వచ్చాను. ఊరు నాగర్‌కర్నూల్ దగ్గర.

మీరు అనుకుంటున్నట్టు అక్కడ ఎవరో కుర్చీలో కూర్చుని "ఈ పెద్దమ్మను తీసేయ్" అనరు. ముందు మిషన్ ఫొటోకు మార్కులు వేస్తుంది. గీత దాటితే అదే తీస్తుంది. కొన్ని మనుషుల క్యూలోకి వస్తాయి. షిఫ్టులో వందల కొద్దీ చూడాలి, ఒక్కోదానికి కొన్ని సెకన్లు. నిజానికి జబ్బు గురించి అవగాహన కోసం పెట్టిన ఫొటోలకు మా పాలసీలో మినహాయింపు ఉండేది. అయితే అది అవగాహన కోసమని కింద రాసిన మాటల్లో తెలియాలి. ఆ మాటలు తెలుగులో ఉంటాయి. తెలుగు క్యూ నిండితే ఆ పోస్టు అనువాదంతో సహా తెలుగు రానివాడి దగ్గరికి పోయేది.

ఒకసారి "దసరాకు యాట కోసినం" అన్న పోస్టు వచ్చింది. యాట అంటే మేకో గొర్రో. అనువాదంలో "పండగకు మనిషిని కోశాం" అని ఉంది. పక్క సీటు అబ్బాయి ఒరియావాడు, చెమటలు పట్టి నన్ను పిలిచాడు. నేను లేకపోతే ఆ ఇంటికి నిజంగానే జీపు పోయేదేమో.

దేవరకొండ_బస్సు
😂😂 యాట కేసు. పెద్దగట్టు జాతర లైవ్ పెడితే మా బామ్మర్దిది కూడా మధ్యలోనే కట్ అయింది. లింగమంతుల స్వామికి రెండేళ్లకొక్కసారి జాతర, లైవ్ నడిచింది రెండు నిమిషాలు.

క్లాక్‌టవర్_చాయ్
మా అమ్మ నాకు రోజూ పెట్టే మెసేజ్ "ఇంటికి రా, సంపుత". ఆమె ఖాతా ఇంకా ఎట్లా బతికుందో!

ఎర్రమట్టి_పిల్ల
మీరంతా తీసేసిన వాటి గురించే మాట్లాడుతున్నారు. తీయని వాటి గురించి నేను చెబుతాను.

మా చిన్నాన్న కూతురు ఇంటర్ చదువుతోంది. దాని ముఖం వేరే ఒంటికి అతికించి ఎవరో పెట్టారు. నేను, మా అక్క, దాని స్నేహితురాళ్లు, మొత్తం 20 మందిమి రిపోర్ట్ కొట్టాం. "ఇది మా ప్రమాణాలకు విరుద్ధం కాదు" అని వచ్చింది. 20 మందికీ అదే లైను. పిల్ల వారం రోజులు అన్నం ముట్టలేదు. చివరికి షీ టీమ్స్ పోలీసుల దగ్గరికి పోయాం, వాళ్లు రాసుకున్నాక కదిలింది. మార్ఫింగ్ ఫొటోలను ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీయాలని అప్పట్లో 2021 ఐటీ రూల్స్‌లో రాసి ఉండేదని (2026లో ఆ గడువు తగ్గించారు) అప్పుడే తెలిసింది.

అందుకే "కంపెనీ దేన్నీ ముట్టుకోవద్దు" అని ఎవరైనా అంటే నాకు మండుతుంది. పెద్దమ్మ కాళ్లు తీసేసినవాళ్లు, మా చెల్లి ఫొటో ఉంచినవాళ్లు ఒకళ్లే. వాళ్లను సెన్సార్ అనబుద్ధి కావడం లేదు నాకు. సెన్సార్ కనీసం చూస్తాడు.

మర్రిగూడ_బాట
చెల్లె, దేన్నీ ముట్టుకోవద్దని నేను అనలేదు. చిన్నపిల్ల ఇప్పుడు ఎట్లా ఉంది?

ఎర్రమట్టి_పిల్ల
పరవాలేదు అన్నా. పరీక్షలు రాసింది. ఫోన్ మాత్రం వాడటం లేదు.

డల్లాస్‌లో_డిండి
ఇక్కడి సంగతి ఒకటి. అమెరికాలో వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే ఫస్ట్ అమెండ్‌మెంట్ (రాజ్యాంగ మొదటి సవరణ) సర్కారునే కట్టేస్తుంది, కంపెనీని కాదు. 2021 జనవరిలో ట్రంప్ పదవిలో ఉండగానే ట్విట్టర్ ఆయన్ను తీసేసింది. ఆయనంటే గిట్టని జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ తరఫున కూడా ఇది సమస్యే అన్నారు, మాట్లాడే హక్కుకు హద్దు గీయాల్సింది చట్టసభ కానీ కంపెనీ కాదని. అదే ఏడాది మా టెక్సస్ వాళ్లు పెద్ద యాప్‌లు అభిప్రాయాన్ని బట్టి పోస్టులు తీయకూడదని చట్టం చేశారు. 2024లో ఇక్కడి సుప్రీంకోర్టు దాన్ని కింది కోర్టుకు తిప్పి పంపింది. పంపుతూ, ఫీడ్‌లో ఏది ఉంచాలో ఏది తీయాలో ఎంచుకోవడం కూడా పత్రిక ఎడిటర్ పని లాంటిదేనని, అది కంపెనీ భావప్రకటన అని చెప్పింది. అంటే పెద్దమ్మ ఫొటో తీసేయడం కంపెనీ వాక్ స్వాతంత్ర్యం!

రిటైర్డ్_సోషల్_సార్
ఎడిటర్ అన్న మాట నాకు గొంతు దిగడం లేదు. సురవరం ప్రతాపరెడ్డి మన పాలమూరు మనిషే, 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. అందులో ఏం అచ్చయినా ఆయన బాధ్యత. తిట్టినా, కేసు పెట్టినా ఆయన మీదే. ఈ కంపెనీలు కేసు వచ్చినప్పుడు "మేం గోడ మాత్రమే, రాసింది వాళ్లు" అంటాయి, ఫొటో తీసేటప్పుడు "మేం ఎడిటర్లం" అంటాయి. ఏదో ఒకటి ఎంచుకోవాలి కదా?

ఇంకొకటి, నోరు మూయించేది ఎప్పుడూ సర్కారే అనుకోకండి. నిజాం రోజుల్లో సభ పెట్టాలంటే ముందే అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 తెచ్చింది సర్కారు. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను చంపి చేయి నరికింది రజాకార్లు. వాళ్లు సర్కారు నౌకర్లు కాదు.

కోర్టు_చౌరస్తా
సార్, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, చేయి నరకడాన్ని పేజీ మూసేయడం పక్కన పెట్టకండి. నేను మొదట్లో భయపడింది ఈ పోలిక గురించే.

రిటైర్డ్_సోషల్_సార్
పక్కన పెట్టలేదు. సర్కారు ముద్ర లేని బలం కూడా బలమే అంటున్నాను. పోలిక మరీ పెద్దదైంది, ఒప్పుకుంటా.

అచ్చంపేట_అడవి
మీరు సర్కారును ఒక వైపు, కంపెనీని ఇంకో వైపు పెట్టి తూకం వేస్తున్నారు. ఇద్దరూ ఒకే తట్టలో కూర్చుంటే? 2019లో నల్లమలలో యురేనియం వద్దని మేం పోస్టులు పెట్టినప్పుడు యాప్‌ల వల్లే హైదరాబాద్ దాకా కదిలింది. సెప్టెంబర్‌లో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. అదే ఉద్యమం ఇవాళ మొదలైందనుకోండి, పోస్టు మాయమైతే తీసింది మిషనా, కంపెనీయా, సర్కారు చెబితే కంపెనీ తీసిందా, నాకెట్లా తెలుస్తుంది? ఇప్పుడు సహయోగ్ అని పోర్టల్ ఉంది. అధికారులు అందులో నుంచే కంపెనీలకు తీసేయమని నోటీసులు పంపుతారు. దాని మీద ఎక్స్ (పాత ట్విట్టర్) కంపెనీ కర్ణాటక హైకోర్టుకు పోతే 2025 సెప్టెంబర్‌లో పిటిషన్ కొట్టేశారు.

కంపెనీని అడిగితే చట్టం అంటుంది, సర్కారును అడిగితే అది కంపెనీ నిర్ణయం అంటుంది. అత్తా ఆడబిడ్డా కలిసి కుండ పగలగొట్టి కోడలిని అడిగినట్టుంది.

మాజీ_క్యూ
అది నిజం. తీసేసినదాని పక్కన ఒక కోడ్ ఉండేది. అది ఎక్కడి నుంచి వచ్చిందో మాకూ చెప్పేవారు కాదు.

దేవరకొండ_బస్సు
గద్వాల అక్క ఖాతా మీద కంప్లైంట్ పెట్టింది ఎవరో నాకు అనుమానం ఉంది. ఆ కొట్టు ఓనర్ నంబరు ఇదిగో, అందరూ ఫోన్ చేయండి:
[ఒక లైను తొలగించాం]

అడ్మిన్_పానగల్లు
పై పోస్టులో ఒకరి ఫోన్ నంబరు ఉంది, ఆ ఒక్క లైను తీశాను. మిగతాది అట్లనే ఉంచాను. తీసింది నేనే. అనుమానం మీద ఎవరి ఇంటికీ ఫోన్లు పోకూడదు. అభ్యంతరం ఉంటే ఇక్కడే రాయండి.

క్లాక్‌టవర్_చాయ్
సెన్సార్! సెన్సార్! పానగల్లు సర్కార్ డౌన్ డౌన్!

దేవరకొండ_బస్సు
అభ్యంతరం ఉంది. కానీ నంబరు తప్పు పెట్టానట, మా ఆవిడ చెప్పింది. అభ్యంతరం వాపస్.

గద్వాల_జరీ
బస్సు అన్నా, అనుమానం నాకూ ఉంది. కానీ ఆ ఓనర్ మా మేనమామ. వదిలేయ్.

కోర్టు_చౌరస్తా
మర్రిగూడ అన్నా, పనికొచ్చే మాట చెప్తా. 50 లక్షలు దాటి యూజర్లు ఉన్న యాప్ తనంతట తాను ఏదైనా తీసేటప్పుడు కారణం ముందే చెప్పాలి, నీ వాదన వినాలి. 2021 రూల్స్‌లో 4(8) అది. ఇండియాలో వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు సైట్‌లో ఉంటుంది. యాప్‌లోని అప్పీల్ బటన్ వేరు, ఆయనకు రాసే ఫిర్యాదు వేరు. ఆయన జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో పోవచ్చు. ఆ కమిటీలు వేసేది కేంద్ర సర్కారు, అది వేరే తలనొప్పి.

రాసేటప్పుడు 2016 సంగతి పెట్టు. వియత్నాం యుద్ధంలో బాంబు మంటలకు కాలిపోయి పరిగెత్తే పాప ఫొటోను ఫేస్‌బుక్ తీసేసింది. నార్వే ప్రధానమంత్రి పెట్టినా తీసేసింది. అక్కడి పత్రిక ఎడిటర్ బహిరంగ లేఖ రాశాక తిరిగి పెట్టింది.

మర్రిగూడ_బాట
పెద్దమ్మ తరఫున మాట్లాడటానికి ప్రధానమంత్రి ఎక్కడ దొరుకుతాడు? సరే, రాస్తాను.

మర్రిగూడ_బాట
12 రోజుల తర్వాత వస్తున్నా. గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాశాను. నిన్న రాత్రి పేజీ తిరిగి వచ్చింది. కారణం లేదు, క్షమాపణ లేదు, "మీ ఖాతా పునరుద్ధరించాం" అంతే. ఫొటోల్లో 6 రాలేదు. పెద్దమ్మ ఫొటో వచ్చింది కానీ మీద బూడిదరంగు తెర, నొక్కితేనే కనబడుతుంది.

ఎర్రమట్టి_పిల్ల
తెర సంగతి పెద్దమ్మకు చెప్పారా?

మర్రిగూడ_బాట
చెప్పాను. "ఇంట్ల కూసుంటే కూడ కొంగు కప్పిన్రా" అని నవ్వింది.

ఆ 6 ఫొటోల కోసం కమిటీకి అప్పీల్ వేయాలి. ఫారం అంతా ఇంగ్లీషు. కోర్టు చౌరస్తా అన్నా, శనివారం నల్లగొండ వస్తున్నా, దొరుకుతావా?

కోర్టు_చౌరస్తా
సాయంత్రం 6 తర్వాత క్లాక్‌టవర్ దగ్గర ఉంటా. ఫొటోలు పెట్టిన తేదీలు, వాళ్ల మెయిళ్లు ప్రింట్ తీసుకుని రా.

క్లాక్‌టవర్_చాయ్
చాయ్ నేను పోయిస్తా. సమోసా మాత్రం వకీలు గారి ఫీజులో కట్.